పాత కారు రిస్టోరేషన్: ‘ముందు ఇంజిన్’ అనే అపోహ, ఇంకొన్ని

రెండు నెలల కిందట ఓ కుర్రాడు వాళ్ల నాన్న కారును ట్రక్కు మీద ఎక్కించుకుని షెడ్‌కు తెచ్చాడు. బానెట్ ఎత్తితే ఇంజిన్ మెరిసిపోతోంది. రీబోర్ చేయించి, అంటే సిలిండర్లను కాస్త వెడల్పు చేయించి, ఓవర్‌సైజ్ పిస్టన్లు వేయించాడు, హెడ్ పని చేయించాడు, ఒక కార్బ్యురేటర్ ఉండాల్సిన చోట రెండు పెట్టించాడు. “అన్నా, ఇంక బ్రేకులు, టింకరింగ్, పెయింటింగ్ అయితే చాలు” అన్నాడు. పక్కన జాకీ పెట్టి లేపబోయాను. కారు లేవలేదు, జాకీ తలే సిల్‌లోకి, అంటే తలుపుల కింద పొడవునా ఉండే రేకు పెట్టెలోకి, దిగిపోయింది. అక్కడున్నది ఇనుము కాదు, పుట్టీ, దాని మీద రంగు. అతని ముఖం చూడలేకపోయాను. దాచుకున్న డబ్బంతా ఇంజిన్‌లో పోశాడు, ఆ ఇంజిన్‌ను మోయాల్సిన బాడీ మాత్రం లోపల పుచ్చిపోయి ఉంది.

ఇలాంటి కార్లు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. అన్నిటి వెనకా ఒకటే మాట: ముందు పవర్ సంగతి చూసుకుందాం, మిగతావి మెల్లగా చేసుకోవచ్చు. పాత కారు పనిలో మనుషుల్ని ఎక్కువగా ముంచే అపోహ ఇదే. ఎవరో చెప్పారని, ఏదో వీడియోలో చూశానని మొదలుపెడతారు. చెప్పినవాళ్లు ఆ కారు కింద పడుకుని ఒక్కసారైనా చూశారా అని అడిగితే జవాబుండదు.

వాస్తవం ఏమిటంటే, విడిగా ఛాసిస్ (బరువు మోసే ఇనుప చట్రం) లేని కారులో బాడీయే ఛాసిస్. సిల్స్, ఫ్లోర్, సస్పెన్షన్ బిగించే చోట్లు బలంగా లేకపోతే మీరు పెంచిన పవర్ అంతా బాడీని మెలిపెడుతుంది. తుప్పు లోపల్నుంచి బయటికి వస్తుంది. రంగు మీద చిన్న బుడగ కనబడిందంటే ఆ వెనక రేకు అప్పటికే చాలావరకు పోయి ఉంటుంది. ఓ అయస్కాంతానికి పల్చటి గుడ్డ చుట్టి సిల్స్ మీద, వీల్ ఆర్చ్‌ల మీద, తలుపుల అడుగున జరుపుతూ వెళ్లండి. పట్టు వదిలిన చోట పుట్టీ ఉంది. ముందు అద్దం రబ్బరు కింద, బ్యాటరీ ట్రే కింద, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంటలో, కార్పెట్ ఎత్తి ఫ్లోర్ మీద స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. ఈ పనికి ఒక పూట చాలు. మొత్తం ప్లాన్ ఎలా ఉండాలో ఆ పూటే తేలిపోతుంది.

చిల్లులు కనబడగానే టెన్షన్ పడి కారును తుక్కుకు ఇచ్చేసినవాళ్లు ఉన్నారు. అంత భయం అక్కర్లేదు. కుళ్లిన రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయడం కొత్త విద్యేమీ కాదు. ఒకటే జాగ్రత్త: సిల్ కోసే ముందు తలుపు ఖాళీలో అడ్డంగా పైపులు వెల్డ్ చేసి బాడీని కదలకుండా పట్టి ఉంచాలి, రెండు వైపులా ఒకేసారి కోయకూడదు. లేకపోతే బాడీ మధ్యలో వంగుతుంది, ఆ తర్వాత తలుపులు ఏం చేసినా సరిగ్గా పడవు.

ఇంజిన్ ముందు చేయిస్తే ఇంకో నష్టం ఉంది, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. బాడీ పని ఏడాది పడుతుంది, ఒక్కోసారి రెండేళ్లు. అన్నాళ్లూ కొత్త ఇంజిన్ మూలన కూర్చుంటుంది. ఏదో ఒక సిలిండర్‌లో వాల్వ్ తెరుచుకునే ఉంటుంది. దాన్లోంచి తేమ గాలి వెళ్లి, హోనింగ్ చేసిన (సన్నగా అరగదీసిన) బోర్ మీద, అంటే సిలిండర్ లోపలి గోడ మీద, తుప్పు గీతలు పడతాయి, రింగులు పట్టేస్తాయి. బిగించేటప్పుడు పూసిన ఆయిల్ బేరింగుల నుంచి కారిపోతుంది. ఒక్క కిలోమీటరు తిరగకుండానే మళ్లీ విప్పాల్సిన ఇంజిన్లు నా చేతుల మీదుగా వెళ్లాయి.

ఇక బ్రేకులు. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికీ, 140 నుంచి ఆగడానికీ తేడా ఎంతుంటుందో చాలామంది ఊహించరు. వేగం పెరిగింది 40 శాతమే, కానీ బ్రేకులు వేడిగా మార్చాల్సిన శక్తి దాదాపు రెట్టింపు అవుతుంది. పాత డ్రమ్ బ్రేకులు ఆ వేడిని అంత తొందరగా వదల్లేవు. పైగా బ్రేక్ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకుండా తట్టుకోవాలి. నీరు చేరాక ఆ హామీ 155 డిగ్రీలే. మరిగితే గొట్టాల్లో ఆవిరి చేరి, పెడల్ తొక్కినా బ్రేక్ పడదు. నేను పని నేర్చుకునే రోజుల్లో సొంత కారుకు హెడ్ చేయించుకుని, బ్రేక్ ఆయిల్ మార్చకుండా కొండ దారి దిగాను. నాలుగో మలుపులో పెడల్ నేలకు అంటుకుంది. గేర్లు తగ్గించుకుంటూ, హ్యాండ్ బ్రేక్ లాగుతూ ఎలాగో ఆపాను. పక్క సీట్లో మా తమ్ముడు ఉన్నాడు. అప్పటి నుంచి మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, ఆయిల్ కొత్తవి పడకుండా ఏ ఇంజిన్ పవరూ పెంచలేదు.

కాబట్టి నా వరస ఇది: బాడీ, తర్వాత బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్, టైర్లు, ఆ తర్వాత పెట్రోల్ లైన్లు, రేడియేటర్, వైరింగ్. అప్పుడు ఉన్న ఇంజిన్‌తోనే కొన్ని నెలలు నడపండి. కారుకు నిజంగా ఏం తక్కువైందో అదే చెబుతుంది. పవర్ చివర. అది కూడా క్లచ్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ ఎంత మోయగలవో చూసుకున్నాకే.

“పాత ఇంజిన్ కదా, విప్పాల్సిందే” అనే మాట కూడా తరచూ వింటాను. విప్పే ముందు కంప్రెషన్ టెస్ట్ చేయండి, అంటే ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి పుట్టిస్తోందో గేజ్‌తో చూడండి. అన్ని సిలిండర్లూ ఆ ఇంజిన్‌కు ఉండాల్సినంత, దగ్గర దగ్గరగా చూపిస్తే ఇంజిన్‌ను అలా వదిలేయండి. ఒకటి తక్కువ చూపిస్తే ప్లగ్ రంధ్రంలో ఓ చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూడండి. రీడింగ్ పెరిగితే రింగులు, బోర్ అరిగాయి. పెరగకపోతే వాల్వులో, హెడ్ గ్యాస్కెట్టో అనుమానించాలి. పది నిమిషాల పరీక్ష ఇది, చేయకుండా ఇంజిన్ దించేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది.

మొత్తం విప్పేస్తే పని సులువు అనుకోవడమూ పొరపాటే. చాలా ప్రాజెక్ట్ కార్లు అట్టపెట్టెల్లోనే ఆగిపోతాయి. ఏ బోల్టు ఎక్కడిదో ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు. ఒక్కో భాగమే విప్పండి, విప్పే ముందు ఫోటో తీయండి, బోల్టులు సంచిలో వేసి పేరు రాయండి.

పెద్ద కార్బ్యురేటర్ పెడితే పవర్ పెరుగుతుందని ఇంకో నమ్మకం. 1300 సీసీ ఇంజిన్ 6000 ఆర్‌పీఎమ్ దగ్గర, సిలిండర్లు పూర్తిగా నిండినా, నిమిషానికి తీసుకునేది 3900 లీటర్ల గాలే. అంతకు మించిన గొట్టం పెడితే తక్కువ ఆర్‌పీఎమ్‌లో వెంచురీలో (కార్బ్యురేటర్ లోపల సన్నబడే చోట) గాలి వేగం పడిపోతుంది, పెట్రోల్ సరిగ్గా లాగదు, కారు తడబడుతుంది. లావు సైలెన్సర్ పైపుదీ అదే కథ. బ్యాక్ ప్రెషర్, అంటే పైపులో పొగకు ఎదురయ్యే ఒత్తిడి, ఏ ఇంజిన్‌కూ అవసరం లేదు, పొగ వేగంగా బయటికి పోవడమే కావాలి.

టైరు మీద గీతలు నిండుగా ఉన్నాయని నమ్మకండి, టైరు పక్కగోడ మీద తయారీ తేదీ చెప్పే నాలుగు అంకెలు చదవండి. 2311 అంటే 2011లో 23వ వారం. సిలికాన్ బ్రేక్ ఆయిల్ అయిన డాట్ 5ను డాట్ 4లో కలపకండి. ఇథనాల్ కలిసిన పెట్రోల్ వాడుతుంటే పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్ దానికి తట్టుకునే రకానికి మార్చండి, అవి పాడై పెట్రోల్ కారితే మంట అంటుకోవచ్చు.

ఆ కుర్రాడి ఇంజిన్ ఇప్పుడు స్టాండ్ మీద ఉంది. ప్లగ్ రంధ్రాల్లో ఆయిల్ వేసి, కార్బ్యురేటర్ నోళ్లు, సైలెన్సర్ దారి మూసి, మీద కవర్ కప్పాం. రోజూ సాయంత్రం వచ్చి నాతో పాటు రేకు కోస్తున్నాడు. నిన్న ఎడమ సిల్ వెల్డింగ్ అయిపోయింది. తలుపు వేసి చూశాం, గ్యాప్ పైనా కిందా సమానంగా ఉంది. కుడివైపు ఇంకా ముట్టుకోలేదు.