ఓడ మునిగితే షావుకారు మునిగిపోడు

చారిత్రక నవలల రాతప్రతులు చదివి సలహాలు చెప్పడం నా పని. పాతకాలపు వర్తకుల మీద ఎవరు నవల రాసినా ఒక సన్నివేశం తప్పకుండా వస్తోంది. మచిలీపట్నం నుంచి వెళ్ళిన ఓడ తుఫానులో మునుగుతుంది. ఆ వార్త అందిన రోజే షావుకారు కుటుంబం వీధిన పడుతుంది.

ఇది పెద్ద అపోహ. కథంతా దీనిమీదే నిలబెడతారు కాబట్టి, తర్వాత దిద్దాలంటే సగం నవల తీసేయాల్సి వస్తుంది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పెద్ద షావుకారు తన సరుకంతా ఒకే ఓడకు ఎక్కించేవాడు కాదు. నాలుగైదు ఓడల్లో కొంచెం కొంచెం వేసి, వాటాదారులను కలుపుకునేవాడు. పైగా ఓడ మీద తెచ్చే అప్పు వేరే రకం. ఓడ క్షేమంగా రేవు చేరితేనే అసలూ వడ్డీ కట్టాలి. మునిగితే బాకీ కూడా దానితోపాటే పోతుంది. అందుకే మామూలు అప్పుకన్నా దీని వడ్డీ చాలా ఎక్కువ. 17వ శతాబ్దపు కోరమాండల్ తీరంలో ఇలాంటి అప్పులు నడిచాయి. అంటే ఓడ మునిగిందన్న కబురు వచ్చిన రాత్రి నిద్రపట్టనిది అప్పు ఇచ్చినవాడికి! నిజంగా మునిగిందా, లేక సరుకు ఇంకో రేవులో అమ్మేసి మునిగిందని కబురు పంపారా? గాలి మళ్ళి ఓడలు తిరిగొచ్చేదాకా తేలదు. ఆ నెలల్లో నిజం ముందుగా ఎవరికి తెలిసిందన్న దాంట్లోనే కథకు కావాల్సిన కుట్రంతా ఉంది.

నా మొదటి నవలలో నేనూ ఆ షావుకారును వీధిన పడేశాను. ఈ అప్పుల సంగతి చదివాక నాలుగు అధ్యాయాలు తీసేయాల్సి వచ్చింది. చాలా రోజులు ఆ కాగితాలు ముట్టుకోబుద్ధి కాలేదు. తర్వాత అప్పిచ్చిన ముసలాయన వైపు నుంచి రాయడం మొదలుపెడితే కథ దానంతటదే కదిలింది. కాబట్టి తప్పు దొరికిందని టెన్షన్ పడకండి, రాసింది చింపేయకండి.

ఇలాంటి తెలివంతా తెల్లవాళ్ళు నేర్పారన్నది ఇంకో పుకారు. ఇది వింటే నాకు ఓపిక పోతుంది. ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో దిగింది 1611లో. అంతకు మూడున్నర శతాబ్దాల ముందే, 1244-45లో, కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో సముద్ర వర్తకులకు అభయశాసనం వేయించాడు. తుఫానుకు ఒడ్డున పడ్డ ఓడల సరుకును అంతకుముందు రాజులు లాగేసుకునేవాళ్ళు. ఇకమీదట ముప్పైలో ఒక వంతు సుంకం తప్ప ఏదీ తీసుకోబోమని ఆయన మాట ఇచ్చాడు. ప్రాణంకన్నా ధనం ఎక్కువనుకుని సముద్రం మీదికి వెళ్ళేవాళ్ళ మీద దయతో ఇస్తున్నానని అందులోనే ఉంది.

నవలల్లో కనిపించే మిగతా తప్పులు చిన్నవి. హుండీ అంటే గుడిలో పెట్టె కాదు, ఫలానా ఊళ్ళో ఫలానావారికి ఇంత డబ్బు ఇమ్మని రాసే కాగితం. చూడగానే చెల్లించేది దర్శనీ, గడువు తీరాక చెల్లించేది ముద్దతీ. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ తీరంలో పెద్ద లెక్కలు ఎక్కువగా బంగారు వరహాల్లో నడిచాయి, మీ షావుకారు చేత రూపాయలు లెక్కపెట్టించకండి.