రిజిస్టరుకెక్కని వైద్యం: సీమ పల్లెల్లో నూరేళ్ల కథ

ఆదోని, కళ్యాణదుర్గం, బద్వేలు చుట్టుపక్కల ఏ పెద్ద ఊరికి వెళ్లినా రోడ్డు పక్కన ఒక చిన్న గది, దాని మీద ‘ప్రథమ చికిత్స కేంద్రం’ అనే బోర్డు కనిపిస్తాయి. లోపల ఒక బల్ల, గోడకు కొట్టిన మేకు నుంచి వేలాడే సెలైన్ సీసా, బీపీ యంత్రం, అట్టపెట్టెల్లో మందుబిళ్లలు ఉంటాయి. అక్కడ కూర్చునే ఆర్‌ఎంపీని, అంటే వైద్య డిగ్రీ లేకుండానే వైద్యం చేసే వ్యక్తిని, ఊరంతా డాక్టరు గారనే పిలుస్తుంది. బోర్డు మీద ఆ మాట రాసుకుంటే మాత్రం కేసు పెడతారు. ఎక్కడైనా సూది వికటించి ప్రాణం పోతే కొన్నాళ్లు తనిఖీలు జరుగుతాయి, కొన్ని గదులకు తాళాలు పడతాయి. గొడవ సద్దుమణిగాక అవే గదులు మళ్లీ తెరుచుకుంటాయి. ఈ తంతు ఇలా ఎందుకు సాగుతోందో తెలియాలంటే మద్రాసు ప్రెసిడెన్సీ కాలానికి వెళ్లాలి.

1914లో మద్రాసు ప్రభుత్వం వైద్యుల రిజిస్ట్రేషన్ చట్టం తెచ్చింది. పాశ్చాత్య వైద్యం చదివినవారి పేర్లు ఒక రిజిస్టరులో చేర్చి, సర్కారు కొలువులకూ ధ్రువపత్రాలకూ వారినే అర్హులుగా గుర్తించింది. పేరు లేనివారు వైద్యం చేయకూడదని ఆ చట్టం అనలేదు. అనగలిగే పరిస్థితీ లేదు. అప్పట్లో దత్తమండలాలనే ఈ సీమ జిల్లాల్లో పట్టణం పొలిమేర దాటితే ఆయుర్వేద పండితులు, హకీములు, మంత్రసానులు, ఎముకలు కట్టేవారే దిక్కు. జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ మిషన్ ఆసుపత్రి వంటివి అరుదు. దేశీయ వైద్యం మీద 1921లో మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షతన కమిటీ వేశారు, 1925లో మద్రాసులో దేశీయ వైద్య పాఠశాల తెరిచారు. పల్లె పరిస్థితి పెద్దగా మారలేదు.

అసలు మలుపు స్వాతంత్ర్యానికి ముందు వచ్చింది. అప్పట్లో ఎంబీబీఎస్ కన్నా తక్కువ కాలంలో ముగిసే ఎల్‌ఎంపీ అనే వైద్య చదువు ఉండేది. దేశంలో ఆరోగ్య సేవల మీద 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ ఈ రెండు రకాల వైద్యులు వద్దు, దేశమంతటికీ ఒకే స్థాయి వైద్యుడు చాలునంది. పల్లె ప్రజలకు తక్కువ చదివిన వైద్యుణ్ణి అంటగట్టకూడదన్న ఆ ఆలోచనను ఎవరూ తప్పుపట్టలేరు. కానీ ఎల్‌ఎంపీ చదువు ఆగిపోయాక, ఆ ఖాళీలోకి ఎంబీబీఎస్‌లు రాలేదు. మన జిల్లాలకు జరిగిన పెద్ద నష్టం ఇదేనని నా నమ్మకం. ఆంధ్ర రాష్ట్ర రాజధాని కర్నూలు నుంచి హైదరాబాదుకు తరలిపోయే రోజుల్లో కర్నూలుకు వైద్య కళాశాల దక్కింది. అనంతపురం 2000 దాకా, కడప 2006 దాకా ప్రభుత్వ వైద్య కళాశాల కోసం ఎదురుచూశాయి. వాటిలో చదివినవారైనా కోసిగికో హొళగుందకో వెళ్లి స్థిరపడాలని ఎందుకు అనుకుంటారు? వారికి అక్కడ ఇల్లు, పిల్లలకు బడి, కనీసం ఒక నర్సు తోడు ఉండేలా ఎవరు చూశారు?

ఆ ఖాళీలోకి వచ్చినవాడే ఆర్‌ఎంపీ. పట్టణంలో ఏ డాక్టరు దగ్గరో కాంపౌండరుగానో, మందుల షాపులో సహాయకుడిగానో ఏళ్ల తరబడి పనిచేసి, చూసి నేర్చుకుని సొంత ఊరికి తిరిగి వచ్చినవాడు. అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే మోటారు సైకిలు మీద ఇంటికే వస్తాడు. డబ్బు వేరుశనగ అమ్మాక ఇచ్చినా ఊరుకుంటాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లిరావడమంటే ఆ రోజు కూలి పోయినట్టే కాబట్టి కూలివారు ఈయన దగ్గరికే వెళతారు. ఇదంతా నిజం. ఆయన చేతి మీదుగా జరిగే నష్టం కూడా అంతే నిజం. నీరసమన్న ప్రతివారికీ సెలైన్, ప్రతి జలుబుకూ యాంటీబయాటిక్, ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు పట్టేసిన వృద్ధులకు నెలల తరబడి స్టెరాయిడ్ సూదులు. ఆ సూదితో నొప్పి ఆ పూటకు తగ్గుతుంది, ఎముక మరింత గుల్లబారుతుంది. పెద్ద ఆసుపత్రికి పంపాల్సిన రోగిని ఆలస్యంగా పంపేవారున్నారు, కమీషను ఇచ్చే ఆసుపత్రికే పంపేవారూ ఉన్నారు.

చట్టం మాత్రం కఠినమవుతూ వచ్చింది. 1956 నాటి భారత వైద్య మండలి చట్టం కింద రాష్ట్ర రిజిస్టరులో పేరు లేకుండా అల్లోపతి వైద్యం చేస్తే ఏడాది దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా విధించే వీలుండేది. రాష్ట్రం 1968లో తన సొంత రిజిస్ట్రేషన్ చట్టం చేసుకుంది. ఒక విధానంలో అర్హత పొంది మరో విధానంలో వైద్యం చేయడాన్ని సుప్రీంకోర్టు 1996లో గట్టిగా తప్పుపట్టింది. 2002లో ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. ఇన్ని చట్టాలున్నా, 2001 జనాభా లెక్కల ఆధారంగా 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రచురించిన అధ్యయనం ప్రకారం, దేశంలో అల్లోపతి వైద్యులమని చెప్పుకున్నవారిలో 57.3 శాతం మందికి వైద్య విద్యార్హత లేదు.

వీరికి దారి చూపే ప్రయత్నం మన రాష్ట్రంలో ఒకసారి జరిగింది. పులివెందులలో వైద్యుడిగా పనిచేసిన వైఎస్ రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, ఆర్‌ఎంపీలకు శిక్షణ ఇచ్చి ‘కమ్యూనిటీ పారామెడిక్’లుగా గుర్తించాలని ప్రభుత్వం నిర్ణయించింది. భారతీయ వైద్య సంఘం వ్యతిరేకించింది. నకిలీ వైద్యానికి సర్కారు ముద్ర పడుతుందన్న వారి భయాన్ని కొట్టిపారేయలేం. 2009లో ఆయన మరణించాక ఆ పని మందగించింది. సగం శిక్షణ, సగం గుర్తింపు దగ్గర ఆగిపోవడం రెండు వైపులా చేటు చేసింది. ధ్రువపత్రం ఆశ మిగిలింది గానీ, ఏం చేయవచ్చో ఏం చేయకూడదో చెప్పే గీత మాత్రం పడలేదు.

2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం జరిమానాను 5 లక్షల రూపాయల దాకా పెంచింది. అదే చట్టంలోని 32వ సెక్షన్, ఎంబీబీఎస్ లేకపోయినా ఆధునిక వైద్య వృత్తితో సంబంధం ఉన్నవారిలో అర్హులకు పరిమిత లైసెన్సు ఇచ్చే వీలు కల్పించింది. వారి సంఖ్య నమోదైన వైద్యుల్లో మూడో వంతుకు మించకూడదు. ప్రాథమిక, నివారణ వైద్యంలో మాత్రమే, అదీ నిర్దేశించిన మందులనే వారు సొంతంగా రాయాలి. ఆర్‌ఎంపీ సంఘాలు ఈ సెక్షన్ మీద ఆశ పెట్టుకోవడం సహజమే. అయితే శిక్షణ ఒక్కటే సరిపోతుందా? పశ్చిమ బెంగాల్‌లో ఇలాంటి గ్రామీణ వైద్యులకు తొమ్మిది నెలలు శిక్షణ ఇచ్చి పరీక్షించిన అధ్యయనం 2016లో వెలువడింది. శిక్షణ పొందినవారు రోగాలను మెరుగ్గా గుర్తించి సరైన చికిత్స చేశారు. అనవసరంగా యాంటీబయాటిక్ ఇవ్వడం మాత్రం తగ్గలేదు. మన పల్లెల్లోనూ కారణం కళ్లెదుటే ఉంది. ఆర్‌ఎంపీ సలహాకు ఎవరూ ఫీజు ఇవ్వరు. సూదికి, సెలైనుకు, బిళ్లకే ఇస్తారు. లైసెన్సు నిబంధనలు రాసేవారు ముందుగా తేల్చాల్సింది ఈ సంపాదన సంగతి. జ్వరం చూసి, సూది వేయకుండా, రోగిని సమయానికి పెద్దాసుపత్రికి పంపినవాడికి ఆ పనికి డబ్బు ఎవరిస్తారు?