నక్షత్రాలకి ఎక్స్‌రే తీస్తారా?

చిట్టీ, బాబీ,

చిట్టి చేతికి ఎక్స్‌రే తీయించినప్పటి నుంచీ ఒకటే పోరు కదా, "నక్షత్రాలకి కూడా తీస్తారా తాతయ్యా?" అని. తీయరమ్మా. ఆసుపత్రిలో కిరణాలు వదిలేది మిషను. ఆకాశంలో నక్షత్రాలే వదులుతాయి, మనం పట్టుకోవడమే. కాకపోతే మన గాలి వాటిని నేలదాకా రానివ్వదు. మన మంచికేలెండి!

అందుకే 1962 జూన్‌లో జియకోనీ అనే శాస్త్రవేత్త బృందం అమెరికా నుంచి రాకెట్‌లో పరికరాలు పంపింది, చంద్రుడి మీంచి ఎక్స్ కిరణాలు వస్తాయేమో చూద్దామని. చంద్రుడి సంగతి తేలలేదు గానీ వృశ్చికరాశి వైపు నుంచి బోలెడన్ని దొరికాయి. అక్కడో చచ్చిన నక్షత్రం పక్కదాని వాయువు లాక్కుంటోంది. పడే వాయువు కోటి డిగ్రీలకు కాగి ఎక్స్ కిరణాలు కక్కుతుంది. దాని పేరు స్కార్పియస్ ఎక్స్-1.

మరి వీటికి టెలిస్కోప్ ఎలా? మామూలు అద్దానికి ఎదురుగా తగిలితే ఎక్స్ కిరణం అందులోకే దూరిపోతుంది. మా చిన్నప్పుడు విశాఖలో ముడసర్లోవ చెరువు నీళ్ళ మీద చిల్లపెంకులతో కప్పగంతులు వేయించేవాళ్ళం. నేను బలమంతా పెట్టి విసిరితే బుడుంగున మునిగేది. మా పక్కింటి అప్పన్న పెంకుని చొక్కాకి తుడిచి, మోకాళ్ళు వంచి, నీళ్ళని రాసుకుంటూ పోయేలా వదిలేవాడు. అది గంతులేసుకుంటూ పోయేది. వాడికి లెక్కలు రావు గానీ వాటం తెలుసు. బలం కంటే అదే ముఖ్యం, చదువులోనైనా సరే. ఎక్స్ కిరణమూ అంతే: అద్దాన్ని ఏటవాలుగా రాసుకుంటూ పోతేనే గంతేస్తుంది. పెంకు నాలుగైదు గంతులేస్తుంది, దీనికి రెండు చాలు, సరిగ్గా గురికి చేరుతుంది. అందుకని అద్దాల్ని గొట్టాల్లాగా మలిచి, ఒకదాంట్లో ఒకటి అమరుస్తారు. 1999లో అంతరిక్షంలోకి వెళ్ళిన చంద్రా టెలిస్కోప్‌లో ఉన్నవి అవే. అది నక్షత్రాల గురించి పరిశోధించిన మన శాస్త్రవేత్త చంద్రశేఖర్ గారి పేరే. 2015 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి వెళ్ళిన మన ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోనూ అలాంటివి ఉన్నాయి.

మే నెలాఖరున రాత్రి తొమ్మిదికి బీచ్‌కి వెళ్ళి సముద్రం వైపు తిరగండి. ఎర్రగా మెరిసేది వృశ్చికరాశిలోని జ్యేష్ఠా నక్షత్రం. చెయ్యి చాచి పిడికిలి పెడితే ఎంతో, దానికి అంత దూరంలో, ఎడమవైపుగా పైన ఉంటుంది స్కార్పియస్ ఎక్స్-1. కంటికి అక్కడ ఏమీ కనపడదు. అయినా చూడండి. మబ్బు పడితే మర్నాడు వెళ్ళండి, అమ్మకి చెప్పి.

మీ తాతయ్య