అమ్మ వైపు లెక్క ఒక్కటే: బాతుల మైటోకాండ్రియా డీఎన్‌ఏపై అపోహలు, వాస్తవాలు

పక్షుల డీఎన్‌ఏ చదవడం నా పని. గుంటూరులో ఉంటాను కాబట్టి అడిగేవాళ్ళకు కొదవ లేదు. కోతలయ్యాక తెనాలి వైపు చేలల్లో బాతుల మందలు మేపేవాళ్ళు ఒకటి అడుగుతారు, ఉప్పలపాడు చెరువు చూసొచ్చిన పిల్లలు ఇంకొకటి అడుగుతారు, ఎమ్మెస్సీ విద్యార్థులు ప్రాజెక్టు రిపోర్టులో మరొకటి రాసేస్తారు. పదే పదే వినిపించేవి ఇక్కడ పెడుతున్నాను. చాలావరకు మైటోకాండ్రియా చుట్టూ తిరిగేవే. కణానికి శక్తి తయారుచేసే చిన్న భాగం అది, కేంద్రకంలోని డీఎన్‌ఏ కాక దానికి సొంత డీఎన్‌ఏ ఉంటుంది.

అపోహ: నీళ్ళ మీద తేలేదల్లా బాతు జాతే.

ఉప్పలపాడులో అందరూ ఫోటోలు తీసే గూడబాతు పేరులో బాతు ఉంది గానీ, అది పెలికన్. దాని చుట్టాలు కొంగలు. నుదుట తెల్ల నామంతో తిరిగే నామాలకోడిది బెగ్గురు కొంగలుండే వర్గం. బుడుంగున మునిగే బుడబుంగ మరీ విచిత్రం, దానికి దగ్గరి బంధువు ఫ్లెమింగో. చూపుకి ఎంత దూరంగా ఉన్నా డీఎన్‌ఏ అదే చెబుతోంది.

మరి బాతుకి దగ్గరివాళ్ళెవరు? మన పెరటి కోడి. డైనోసార్లు అంతరించక ముందే ఈ రెండు వంశాలూ విడిపోయాయి. బెల్జియంలో దొరికిన ఆస్టీరియోర్నిస్ అనే శిలాజం వయసు సుమారు 6.67 కోట్ల ఏళ్ళు. కోడి పోలికలూ బాతు పోలికలూ ఒకే పుర్రెలో కనిపిస్తాయి. బాతుల వర్గంలో ముందుగా దక్షిణ అమెరికా స్క్రీమర్లు, తర్వాత ఆస్ట్రేలియా మాగ్‌పై గూస్ వేరుపడ్డాయి. మిగిలినవే అసలు బాతులు, హంసలు, గూస్‌లు. వీటిలోనూ మన చెరువుల్లో ఈల వేసే చిలువ చాలా ముందే కొమ్మ విడిచింది. రూపం బాతుదే అయినా, అది గూస్‌కి ఎంత దూరమో నాటు బాతుకీ అంతే దూరం.

అపోహ: మాంసం ముక్క టెస్టుకిస్తే అది ఏ బాతో తేలిపోతుంది.

సగమే నిజం. మస్కవీ తప్ప, మనం పెంచే బాతులన్నీ మల్లార్డ్ అనే అడవి బాతు సంతానమే. ఖాకీ క్యాంప్‌బెల్ అయినా అంతే, ఇండియన్ రన్నర్ అయినా అంతే. మస్కవీ అమెరికా ఖండాల నుంచి వచ్చిన వేరే బాతు. ఈ రెండింటినీ కలిపితే పిల్లలు పుడతాయి, బాగా బరువు పెరుగుతాయి కూడా, కానీ వాటికి సంతానం ఉండదు. ఫ్రాన్స్‌లో ఫోయి గ్రా (కొవ్వు పట్టించిన కాలేయంతో చేసే వంటకం) కోసం పెంచేది ఎక్కువగా ఈ సంకరాన్నే. తండ్రి మస్కవీ, తల్లి పెకిన్ జాతి బాతు. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కనుక దాని డీఎన్‌ఏ చదివే టెస్టులో ఈ పక్షి అచ్చం మామూలు పెంపుడు బాతుగానే కనబడుతుంది. తండ్రి ఆచూకీ అందులో ఉండదు. ‘ఇది ఖాకీ క్యాంప్‌బెలేనా’ అని అడిగేవాళ్ళకూ అదే జవాబు. పెంపుడు జాతుల మధ్య ఒకే రకం మైటోకాండ్రియా తిరుగుతుంటుంది, దాన్ని బట్టి జాతి సర్టిఫికెట్ ఇవ్వలేం.

అపోహ: మైటోకాండ్రియా జీనోమ్, అంటే దాని డీఎన్‌ఏ మొత్తం చదివితే వంశవృక్షం ఖరారైనట్టే.

అన్నిటికన్నా మొండి అపోహ ఇదే. చదువుకున్నవాళ్ళలోనే ఎక్కువ.

బాతు మైటోకాండ్రియా డీఎన్‌ఏ గుండ్రటి దండ, పొడవు సుమారు 16,600 అక్షరాలు. 37 జన్యువులు ఉంటాయి: ప్రోటీన్లవి 13, ఆ ప్రోటీన్ల తయారీకి సాయపడే టీఆర్‌ఎన్‌ఏలు 22, ఆర్‌ఆర్‌ఎన్‌ఏలు 2. జన్యువులు కాక కంట్రోల్ రీజియన్ అనే నియంత్రణ భాగం ఒకటి. ‘37 జన్యువులూ ఒకే మాట చెబుతున్నాయి సార్’ అంటారు విద్యార్థులు. చెప్పక ఏం చేస్తాయి? అవి విడివిడిగా సంక్రమించవు, దండ దండంతా తల్లి నుంచి ఒకేసారి వస్తుంది. ఒకే ఇంటి నుంచి వచ్చిన 37 మంది సాక్షుల్లాంటివి అవి. సాక్ష్యం గట్టిగా వినబడుతుంది గానీ, లెక్కకు ఒక్కటే.

మల్లార్డ్ బంధువర్గంలో ఇది బాగా బయటపడుతుంది. మల్లార్డ్‌లలో రెండు పెద్ద మైటోకాండ్రియా వంశాలున్నాయి, ఒకటి యూరప్, ఆసియాలది, రెండోది ఉత్తర అమెరికాది. అమెరికాలో ఈదే మల్లార్డ్‌లలో మాత్రం రెండూ కనిపిస్తాయి. తూర్పు ఆసియాలో మల్లార్డ్, తూర్పు స్పాట్‌బిల్డ్ బాతు మైటోకాండ్రియా పంచుకుంటాయి. ఇది పాత పూర్వీకుల నుంచి మిగిలిన సొత్తా, నిన్నమొన్నటి సంకరమా? మైటోకాండ్రియాని మాత్రమే చూస్తే ఎన్ని అక్షరాలు చదివినా తేల్చలేం. కేంద్రకంలోని డీఎన్‌ఏ నుంచి విడివిడి భాగాలు కావాలి.

పక్షుల్లో ఇంకో మెలిక ఉంది. మనుషుల్లో ఎక్స్, వై అనే లింగ క్రోమోజోములు రెండూ ఉండేది మగవాడికి. పక్షుల్లో జడ్, డబ్ల్యూ రెండూ ఉండేది ఆడదానికి. సంకరంలో ముందుగా దెబ్బతినేది ఇలా రెండు రకాల క్రోమోజోములున్న లింగమేనని హాల్డేన్ సూత్రం. అంటే దూరపు జాతుల సంకరంలో ఆడ పిల్లలే ముందు గొడ్డుపోతాయి, తల్లి వైపే సాగే మైటోకాండ్రియా జాతి గీత దాటడం కష్టం. మల్లార్డ్ లాంటి దగ్గరి చుట్టాల్లో ఆడ పిల్లలకీ గుడ్లు పొదిగే యోగం ఉంటుంది, గీత చెరిగిపోతుంది. అందుకే ఈ గుంపులో మైటోకాండ్రియా చెప్పే కథను నేను రెండుసార్లు అనుమానిస్తాను.

అలాగని పనికిరాదని కాదు. హవాయిలో అంతరించిన మోవా-నాలో అనే భారీ పక్షులు గూస్‌లలాగా ఉండేవి, ఎగరలేవు. ఎముకల్లోంచి తీసిన మైటోకాండ్రియా డీఎన్‌ఏ 1999లో తేల్చింది, అవి మల్లార్డ్ వైపు బాతుల బంధువులని. పాత ఎముకలో కేంద్రకపు డీఎన్‌ఏ కంటే ఇది కణానికి ఎన్నో ప్రతులుంటుంది కాబట్టి దొరికే అవకాశం ఎక్కువ.

అపోహ: మైటోకాండ్రియా డీఎన్‌ఏలో పది లక్షల ఏళ్ళకు 2 శాతం మార్పు, ఇది ప్రకృతి నియమం.

పక్షులకు ఈ అంకె వచ్చింది గూస్‌ల దగ్గర. 1987లో షీల్డ్స్, విల్సన్ అనే శాస్త్రవేత్తలు అన్సర్, బ్రాంటా అనే రెండు గూస్ ప్రజాతుల్ని పోల్చి కట్టిన లెక్క అది. శిలాజం తేదీ మారితే అంకె మారుతుంది, జన్యువు మారితే వేగం మారుతుంది. చిలువ వయసుకి దీన్నే అంటించిన రిపోర్టు నా టేబుల్ మీదకొస్తే తిప్పి పంపేస్తాను.

అపోహ: మైటోకాండ్రియా డీఎన్‌ఏ చదవడానికి రక్తం చుక్క చాలు.

పాలిచ్చే జంతువుల అలవాటుతో వచ్చిన నమ్మకం. పక్షుల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉంటుంది. ఎప్పుడో కేంద్రకంలోకి జారిపోయిన మైటోకాండ్రియా ముక్కల నకళ్ళు అందులో ఉంటాయి. రక్తం నుంచి పీసీఆర్ (డీఎన్‌ఏ ముక్కకు ప్రతులు పెంచే పద్ధతి) చేస్తే అసలు బదులు నకలు పెరిగే ప్రమాదం ఉంది. కండరం దొరికితే అదే మేలు. సీక్వెన్స్ మధ్యలో అనవసరంగా స్టాప్ కోడాన్ (ప్రోటీన్ తయారీ ఇక్కడ ఆపమనే గుర్తు) వస్తే నకలేమోనని అనుమానించండి. ఒక్క ఎన్‌డీ3 జన్యువు దగ్గర మాత్రం తొందరపడొద్దు. చాలా పక్షుల్లో అక్కడ ఒక అక్షరం అదనంగా ఉంటుంది, అది సహజమే. సాఫ్ట్‌వేర్ తప్పు అని ఎర్ర గీత గీసినా చెరపకండి. ఇక చెరువులో తిరిగే అడవి పక్షి నుంచి శాంపిల్ తీయాలంటే అటవీ శాఖ అనుమతి చేతికొచ్చాకే. పెంపుడు బాతులైతే మంద యజమాని ఒప్పుకోవాలి.