ఒక్క కణం కట్టుకున్న ఇల్లు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

రాజహంసలను చూడటానికి పులికాట్ వెళ్లి, అక్కడి ఇసుకను బడి సూక్ష్మదర్శిని కింద పెట్టారట కదా. "తాతయ్యా, ఈ నత్తపిల్ల ఎందుకు పెరగలేదు?" అని రాశారు. అది నత్త కాదు, పిల్లా కాదు. అర మిల్లీమీటరు ఉన్నా బాగా ఎదిగిన జీవి గుల్లే. దాని ప్రజాతి (దగ్గరి జాతులన్నీ కలిసిన గుంపు) పేరు అమోనియా. ఘాటైన వాయువుదీ అదే పేరు, కానీ ఇది వేరు.

చంద్రగిరి దగ్గర మా తాతగారి ఇల్లు మొదట ఒకే గది. పెదనాన్న పెళ్లికి ఒక గది లేచింది, వేరుశనగ బాగా పండిన ఏడు ఇంకొకటి. పాత గోడ పడగొట్టకుండా, దాన్ని ఆనుకునే, కాస్త పెద్దదిగా కట్టేవారు. రాత్రి దాహమేస్తే చీకట్లో గడపలు లెక్కపెట్టుకుంటూ కుండ దగ్గరికి వెళ్లేవాణ్ణి.

అమోనియా కూడా ఒక బుల్లి గుండ్రటి గదితోనే మొదలవుతుంది. నీటిలోని కాల్షియంతో సున్నపు గోడ కట్టి పక్కనే ఇంకో గది, ఆ పక్కన మరొకటి, చుట్టూ తిరుగుతూ కట్టుకుపోతుంది. గదికీ గదికీ మధ్య దారి ఉంటుంది. మా ఇంటి నిండా మనుషులైతే, ఇక్కడ అన్ని గదుల్లోనూ పరుచుకుని ఉండేది ఒకే ఒక్క కణం! చివరి గది గుమ్మంలోంచి జిగట దారాలు చాచి ఆహారం పట్టుకుంటుంది.

మీరు పొరబడ్డారని చిన్నబుచ్చుకోకండి. 1758లో, జీవులకు పేర్లు పెట్టే పద్ధతి నేర్పిన లిన్నేయస్ అంతటివాడు దీన్ని నాటిలస్‌లలో, అంటే చుట్లు తిరిగిన గుల్ల ఉన్న ఆక్టోపస్ బంధువుల్లో చేర్చాడు. 1772లో బ్రూనిక్ అనే శాస్త్రజ్ఞుడు వేరే ప్రజాతిగా పెట్టాడు. అయినా 1826లో డోర్బినీ ఇలాంటి జీవులన్నింటినీ ఆక్టోపస్ బంధువులుగానే లెక్కవేశాడు. 1835లో డుజార్డిన్ బతికున్నవాటిని గమనించాక గాని అసలు సంగతి తేలలేదు: తల లేదు, కాళ్లు లేవు, ఉన్నదంతా జిగురులాంటి జీవపదార్థమే. ఖాళీ ఇల్లు చూసి కాపురమున్నవాళ్ల గురించి చెప్పకూడదమ్మా.

ఇల్లు చూసేటప్పుడైనా రెండు వైపులా చూడాలి. అమోనియాను ఒక వైపు నుంచి చూస్తే మొదటి గది నుంచి చుట్లన్నీ కనిపిస్తాయి. తిరగేస్తే చివరి చుట్టు గదులే, నడుమ బొడ్డులాంటి గుంట. ఇంత చూసినా చాలదు. ఒకే జాతి అనుకున్నవి నిజానికి చాలా జాతులని డి.ఎన్.ఏ. పరీక్షల్లో బయటపడింది.

కన్ను లేదు, మెదడు లేదు. తర్వాతి గది ఎంత పెద్దగా కట్టాలో దానికి ఎలా తెలుస్తుందా అని ఆలోచిస్తూ కూర్చుంటే నాకు పొద్దే తెలియదు.

సన్నని కుంచె మొన తడిపి, ఒక్క గుల్లను నల్ల కాగితం మీదికి ఎత్తండి. మెల్లగా తిప్పుతూ రెండు బొమ్మలు గీయండి. గదులకు చిన్నదాని నుంచి వరసగా అంకెలు వేయండి. చివరి గది గుమ్మం ఏ వైపు ఉందో వెతికి, గుర్తు పెట్టి పంపండి.

ఇట్లు,
మీ తాతయ్య,
తిరుపతి