గుడ్డ గొట్టానికి ఇన్ఫెక్షన్ వస్తే

చిట్టితల్లికీ, చిన్నోడికీ తాతయ్య ఆశీస్సులు.

ఆపరేషన్ చేసి రక్తనాళానికి గుడ్డ గొట్టం పెట్టాక దానికి ఇన్ఫెక్షన్ ఎలా వస్తుంది, మందులతో తగ్గదా అని అడిగారు. మంచి ప్రశ్న.

గుండె నుంచి కిందికి దిగే పెద్ద రక్తనాళం బృహద్ధమని. పొట్టలో దాని వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. కొందరికి, ముఖ్యంగా సిగరెట్లు కాల్చిన పెద్దవాళ్లకి, గోడ బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. మగవాళ్లలో 5.5 సెంటీమీటర్లకి చేరితే, పగలకముందే అక్కడ డాక్రాన్ గొట్టం కుడతారు. డాక్రాన్ అంటే పాలిస్టర్, మీ చొక్కాల్లో ఉండేదే! 1950ల్లో అమెరికాలో డాక్టర్ మైఖేల్ డిబేకీ ఇలాంటి గొట్టాల్ని కుట్టుమిషన్ మీద తనే కుట్టాడు. చిన్నప్పుడు వాళ్లమ్మ నేర్పిన కుట్టుపని అది. ఆయన బృహద్ధమని చీలితే, 2006లో, 97 ఏళ్ల వయసులో, ఆయనకీ డాక్రాన్ గొట్టమే వేశారు.

ఇక చిక్కంతా ఇక్కడుంది. గొట్టం లోపల రక్తం పారుతుందే గానీ, ఆ గుడ్డకి ప్రాణం లేదు. మన కండలోకి బాక్టీరియా దూరితే సన్నటి రక్తనాళాల గుండా తెల్లకణాలు అక్కడికి చేరతాయి. గుడ్డలో ఆ దారులు లేవు. పోగులకి అంటుకున్న బాక్టీరియా తమ చుట్టూ జిగురు పొర అల్లుకుంటుంది, నీళ్లతొట్టి గోడకి పాచి పట్టినట్టు. దాన్నే బయోఫిల్మ్ అంటారు. అందులో యాంటీబయాటిక్ సరిగా పనిచేయదు.

ఈ ఇన్ఫెక్షన్ గొట్టం వేసినవాళ్లలో నూటికి ఒకరిద్దరికి వస్తుందంటారు. చర్మం మీది స్టెఫిలోకాకస్ అనే బాక్టీరియా ఆపరేషన్ రోజునే చేరి, ఏళ్ల తరవాత బయటపడొచ్చు. ఒక్కోసారి గొట్టం పైనే ఉన్న చిన్నపేగుకి రాపిడి తగిలి చిల్లు పడుతుంది. అప్పుడు పేగులోని బాక్టీరియా గొట్టానికి పట్టడమే కాదు, రక్తపు వాంతులు కూడా కావచ్చు. అందుకే సర్జన్లు ఆ రెండింటి మధ్య మన కణజాలాన్నే అడ్డుపెడతారు. మామూలుగా మాత్రం తగ్గని సన్నజ్వరం, నీరసం, నడుంనొప్పి, అంతే. అందుకే వెంటనే ఎవరికీ అనుమానం రాదు.

గట్టిగా వైద్యం చేయాలంటే పాత గొట్టం తీసేయాల్సిందే. పెద్ద ఆపరేషన్. దాని బదులు రోగి తొడలోంచి తీసిన సిరనే కుట్టొచ్చు. ప్రాణమున్న నాళం కాబట్టి బాక్టీరియాని బాగా తట్టుకుంటుంది. టీబీకి వాడే రిఫాంపిసిన్‌లో నానబెట్టిన కొత్త గొట్టం కూడా వేస్తుంటారు. అంత ఆపరేషన్‌ని తట్టుకోలేని వాళ్లకి గొట్టం తీయకుండా బతికినన్నాళ్లూ యాంటీబయాటిక్స్ ఇస్తారు. జబ్బు పోదు, అదుపులో ఉంటుంది.

ఇంకేమైనా అడగాలనిపిస్తే రాయండి.

మీ తాతయ్య