కరగని గోడకు పట్టిన చెద

హైడ్రోజన్ కేంద్రకాలను కలిపి శక్తి తీసే కేంద్రక సంలీన రియాక్టర్లో ప్లాస్మా, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయేంత వేడెక్కిన హైడ్రోజన్ వాయువు, పదిహేను కోట్ల డిగ్రీల వేడిలో ఉంటే దాని చుట్టూ ఉన్న గోడ కరిగిపోదా అని మలక్‌పేటలో ఉండే ఒక డిగ్రీ విద్యార్థిని నన్ను అడిగారు. అయస్కాంత క్షేత్రం ప్లాస్మాను గోడకు దూరంగా పట్టి ఉంచుతుందన్న మామూలు జవాబు చాలామందికి తెలిసినదే. దాన్ని వదిలేసి, అసలు కరగనే కరగని గోడకు వచ్చిన ముప్పు గురించి చెబుతాను.

ఆ గోడ కార్బన్ రూపమైన గ్రాఫైట్‌ది. శూన్యంలో ఎంత వేడిచేసినా అది ద్రవం కాదు, నేరుగా ఆవిరవుతుంది. పైగా కార్బన్ పరమాణు సంఖ్య 6 మాత్రమే కనుక, కొద్దిగా ప్లాస్మాలో కలిసినా దాన్ని పెద్దగా చల్లార్చదు. అందుకే దశాబ్దాలపాటు టోకమాక్‌ల (ప్లాస్మాను అయస్కాంతాలతో పట్టి ఉంచే గారె ఆకారపు యంత్రాల) లోపల కార్బన్ పలకలు తొడిగారు. గ్రాఫైట్ రసాయనికంగా నిలకడైనదని మన పాఠాల్లో ఒక్క వాక్యంతో సరిపెడతాము. ఏ వేడిలో, దేని ఎదుట నిలకడైనదో చెప్పకపోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడని లోపం. జంటగా ఉన్న హైడ్రోజన్ అణువు సాధారణ ఉష్ణోగ్రతలో గ్రాఫైట్ జోలికి పోదు. జంట విడిన ఒంటి పరమాణువు మాత్రం ఊరుకోదు.

కిందటి వానాకాలం మా ఇంటి గుమ్మానికి చెద పట్టింది. పైన వేసిన రంగు చెక్కుచెదరలేదు. వేలితో తడితే డొల్ల చప్పుడు వచ్చింది, పెన్సిల్ మొన ఆనిస్తే లోపలికి దిగిపోయింది. గొడ్డలికైతే వేటు బలం కావాలి: సంలీన ఇంధనమైన డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) అయాను కార్బన్ పరమాణువును ఢీకొట్టి ఎగరగొట్టాలంటే దానికి దాదాపు 30 ఎలక్ట్రాన్ వోల్టుల (పరమాణు స్థాయిలో శక్తికి కొలత) శక్తి ఉండాలి. చెదకు అంత బలంతో పనిలేదు. హైడ్రోజన్ పరమాణువు గ్రాఫైట్ పొర అంచున ఉన్న కార్బన్‌కు అతుక్కుంటుంది; మరికొన్ని వచ్చి చేరితే అక్కడ మిథైల్ సమూహం (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్లు) తయారవుతుంది; ఆపైన వచ్చిన ఇంకో హైడ్రోజన్ పక్కనున్న హైడ్రోజన్‌ను తనతో లాక్కుపోయి ఒక బంధాన్ని ఖాళీ చేస్తే, ఆ ఖాళీని పూడ్చుకునే క్రమంలో గోడ తన మిథైల్‌ను వదులుకుంటుంది. అలా గోడ మీథేన్ వంటి హైడ్రోకార్బన్లుగా లేచిపోతుంది. వంద అయాన్లు తాకితే పోయేది ఒకటి రెండు కార్బన్ పరమాణువులే, కానీ తాకిడికి విరామం ఉండదు. చెదకు తేమలాగా దీనికీ అనువైన వాతావరణం ఉంది. గోడ చల్లగా ఉంటే మిథైల్ సులువుగా ఊడదు, మరీ వేడెక్కితే హైడ్రోజన్ కుదురుకోకముందే జంటకట్టి వెళ్ళిపోతుంది. అందువల్ల ఈ క్షయం సుమారు 800 కెల్విన్ల ప్రాంతంలో అత్యధికంగా ఉంటుంది.

చెద తిన్నది ఎక్కడికి పోతుంది? మా గుమ్మం నుంచి స్విచ్‌బోర్డు దాకా వేలెడు మందాన మట్టి దారి సాగింది. రియాక్టర్లోనూ ఊడిన హైడ్రోకార్బన్ ముక్కలు చల్లని, చాటు మూలలకు చేరి, హైడ్రోజన్‌ను పొట్టలో పెట్టుకున్న నల్లని పొరగా పేరుకుని, పెచ్చులుగా రాలతాయి. ఇంధనంలో ట్రిటియం (డ్యూటీరియం కంటే బరువైన హైడ్రోజన్) ఉంటే ఆ పొరలోనూ ట్రిటియం ఉంటుంది. ఇంగ్లండులోని జెట్ (JET) అనే టోకమాక్ 1997లో 16 మెగావాట్ల సంలీన శక్తిని సాధించి వార్తలకెక్కింది. ఆ ప్రయోగాల్లో లోపలికి పంపిన 35 గ్రాముల ట్రిటియంలో సుమారు మూడోవంతు లోపలే చిక్కుకుందన్నది నా దృష్టిలో అంతకంటే పెద్ద వార్త. ట్రిటియం రేడియోధార్మికం, దాని అర్ధాయువు 12.3 సంవత్సరాలు, ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ (ITER) టోకమాక్ లోపలి పాత్రలో అది 1 కిలోగ్రాము మించకూడదన్నది భద్రతా నియమం. గోడ అరిగిపోవడం కంటే, అరిగినది ఇలా ఇంధనాన్ని దాచుకోవడమే కార్బన్‌ను సాగనంపింది.

గుమ్మానికి చెద పడితే అరిష్టమని, నిమ్మకాయలు కట్టించమని మా పక్కింటి పిన్నిగారు సలహా ఇచ్చారు. నేను ఇనుప చట్రం పెట్టించాను. జెట్‌లో 2011 నాటికి కార్బన్ తీసి బెరీలియం, టంగ్‌స్టన్ అమర్చితే ఇంధనం చిక్కుకోవడం పదోవంతు కంటే తగ్గింది. ఈటర్ మొదట కార్బన్‌ను, తరువాత బెరీలియాన్ని కూడా వదులుకుని టంగ్‌స్టన్‌కు వచ్చింది. టంగ్‌స్టన్ 3422 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, హైడ్రోజన్‌తో వాయువుగా మారదు, దాని మీద గొడ్డలి వేటుకు సైతం 200 ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా కావాలి. కాకపోతే దాని పరమాణు సంఖ్య 74. లక్షకు కొద్ది పరమాణువులు ప్లాస్మా నడిమికి చేరినా అవి శక్తిని వికిరణంగా వెదజల్లి దాన్ని చల్లార్చేస్తాయి. ప్లాస్మాలోని ఆక్సిజన్ మలినాన్ని పట్టేయడానికి ఈటర్ టంగ్‌స్టన్ మీద పలుచని బోరాన్ పూత వేయాలనుకుంటోంది. ఆ బోరాన్ కూడా అరిగి, మూలల్లో పేరుకుని, తనతోపాటు కొంత ట్రిటియాన్ని దాచుకుంటుంది.